జిడ్డు పరీక్ష

మానవజాతి తన ముఖాన్ని కడుక్కుని ఊరుకున్న యుగం ఒకటుండేది. బిట్రగుంట రైల్వే కాలనీలో ఆ యుగం 1961 వేసవిలో, ఒక శనివారం పొద్దున ముగిసింది. ముగించిన మహానుభావుడు బుకింగ్ క్లర్కు విజయభాస్కర్.

అంతకుముందు ఏడాది రైల్వే ఇన్‌స్టిట్యూట్ నాటకంలో ఇతనికి ద్వారపాలకుడి వేషమిచ్చారు. నిలబడటమే పని. అయినా చెమటకు రంగు కారి బనీను మీదికి దిగింది. తనకు శ్రీకృష్ణుడి వేషం దక్కకుండా అడ్డుపడుతున్నది తన చర్మమేనని, మరేమీ కాదని ఆనాడే తీర్మానించుకున్నాడు. ఈ ఏడు ఆ వేషం కొట్టెయ్యాలి. ఇంతలో ఒక వారపత్రికలో, చర్మం ఏ రకమో ఇంట్లోనే తేల్చుకునే విధానం కనపడింది. ముఖం కడిగి, గంటసేపు ఏమీ రాయకుండా ఉండి, పల్చటి కాగితం అద్ది చూడాలి. కాగితానికి నూనె అంటితే జిడ్డు చర్మం, అంటకపోతే పొడి చర్మం.

శాస్త్రానికి తీరిక కావాలి. ఇతనికి సెలవు శనివారం. శనివారం తల్లి ఆదిశేషమ్మ గిద్దెడు నువ్వులనూనె కొడుకు మాడున పెట్టి తలంటుతుంది. తలంటు ముగిసి, గంట ఆగి, సిగరెట్ పెట్టెలోని వెండిరేకు ఊడదీసి, దాని వెనకటి పల్చటి కాగితం నుదుటికి అద్దుకున్నాడు. కాగితంలోంచి అవతలి గోడ మీది క్యాలెండరు కనిపించింది.

"అమ్మా, నాది జిడ్డు!"

"ఎవుర్రా నిన్ను జిడ్డన్నది? పక్కింటి ఇందిరమ్మేనా?"

"ఎవురూ అన్లేదమ్మా. నేనే కనిపెట్టినా."

"దానికి కాగితమెందుకురా? నన్నడిగితే చెప్పేదాన్ని గదా."

నూనె ఎక్కడిదన్న ప్రశ్న ఆ బుర్రకు తట్టలేదు. వచ్చిన ప్రతి శనివారమూ పరీక్షించాడు. ప్రతి శనివారమూ అదే ఫలితం వచ్చింది. ఇక శెనగపిండితో, నిమ్మచెక్కతో, చివరికి బట్టల సబ్బుతో పూటపూటా ముఖం తోమాడు. కృష్ణుడి ముఖానికి అంగుళం మందాన నీలం పూస్తారు. దాని అడుగున మనిషి చర్మముందో గేదె చర్మముందో చూసేవాళ్లకు తెలియదు. తోమేవాడికీ తోచలేదు.

వేషాలు పంచేనాటికి చెంపలు పొట్టు రేగాయి. ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ కామాక్షయ్య గారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏందబ్బా ఆ మొహం? గోడకు సున్నం పెచ్చులూడినట్టుండాదే!"

"జిడ్డు తీసేసినా సార్. ఇంక రంగు కారదు."

"రంగు సంగతి తర్వాత చూస్తాం గానీ, కృష్ణుడి పద్యం ఒకటందుకో."

విజయభాస్కర్ చెంపలు మండకుండా నెమ్మదిగా నోరు తెరిచాడు. కాసేపు తెరిచే ఉంచాడు.

వేషం పార్సిలాఫీసు రహ్మాన్‌కు ఇచ్చారు.

విజయభాస్కర్‌కు పద్యాలు రావు.