రంగుల తాత గోడలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుండ కొనాలన్నా, బర్రెను కొనాలన్నా ముందు మా మేనమామకు కబురు పోయేది. మా అవ్వకు, అంటే అమ్మకు, స్వయానా అన్న. బేరం చేయడంలో ఆ చుట్టుపక్కల ఆయనను మించినవాడు లేడని పేరు. ఆయన పద్ధతి ఒక్కటే, కొనే వస్తువును అమ్మేవాడి ముందు మెచ్చుకోకూడదు. వంకాయలు నిగనిగలాడుతున్నా సరే, మూతి విరిచి బుట్టలో పడేయాలి. చీర కంటికి ఎంత నచ్చినా సరే, అంచు వెలిసిందనాలి. మేము అదే లోకజ్ఞానమనుకుని పెరిగాం. మా దిక్కు ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటారు, వాళ్లను నేనేమీ అనను.

మేముండేది వేములవాడకు దగ్గరలో ఒక చిన్న పట్టణం. తెల్లారకముందే సాంచెల చప్పుడు మొదలయ్యేది. కరెంటు మగ్గాలను మా వైపు సాంచెలంటారు. మా బాపు, అంటే నాన్న, వేరేవాళ్ల సాంచెల మీద బట్ట నేసేవాడు, మా అవ్వ బీడీలు చుట్టేది. ఉన్నది కిరాయి ఇల్లు. ఇంటి యజమానురాలు మనిషి మంచిదే గానీ గోడల దగ్గరికొస్తే రాక్షసి. మేకు కొట్టనిచ్చేది కాదు, క్యాలెండరు అంటించనిచ్చేది కాదు. పండుగకు గడపకు పసుపు రాస్తే గోడకు అంటిందేమోనని వేలితో గీకి చూసేది. మా అవ్వ బంగారం అడగలేదు, పట్టుచీరలు అడగలేదు. నా గోడ అనుకునే గోడ ఒకటి కావాలని మాత్రం రోజూ బీడీలు చుడుతూ అనేది. వినీ వినీ మా బాపు ఎలాగో తంటాలు పడి ఇల్లు కొనడానికి సిద్ధమయ్యాడు.

అప్పుడే రంగుల తాత ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఆయన అసలు పేరు నాకు తెలియదు, ఊరంతా అలాగే పిలిచేది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. చెక్క అచ్చులతో రజాయిల మీద, దుప్పట్ల మీద పూలు అద్దడం వాళ్ల తాతలనాటి పని. ఎప్పుడు చూసినా ఆయన చేతులు మణికట్టు దాకా ఎర్రగానో నీలంగానో ఉండేవి. ఆయన ఇంటామె చనిపోయింది. కంటిచూపు తగ్గింది. మిల్లు దుప్పట్లు వచ్చాక అద్దకం అడిగేవాళ్లూ తగ్గారు. ఇల్లు అమ్మేసి ఆదిలాబాద్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతానన్నాడు.

ఇల్లు చూడబోయే ముందు మా మేనమామ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. పాడు బేరాలు చేసేవాడని ఇప్పుడు తిట్టుకుంటున్నా, ఆయన చెప్పినవాటిలో మంచివి చాలా ఉన్నాయి. బావిలో నీళ్లు నిండు ఎండాకాలంలో చూడాలన్నాడు. గోడ మూలల్లో చెయ్యి పెట్టి చెమ్మ ఉందేమో చూడాలన్నాడు. దూలాన్ని కర్రతో కొట్టి వినాలి, బోలుగా మోగితే చెదలు పట్టినట్టు. ఇరుగుపొరుగును ముందు అడగాలి, కాగితాలు తర్వాత చూడాలి. ఈ మాటలు నేను ఇప్పటికీ మా వాళ్లకు చెబుతుంటాను. చివరగా మా అవ్వ వైపు తిరిగి, "సూడు చెల్లె, నీకు లోపల ఎంత నచ్చినా సరే, మంచిగున్నదన్న మాట నీ నోట్లకెల్లి రావద్దు. వచ్చిందంటే బేరం చెడ్డట్టే" అన్నాడు. నన్ను కూడా వేలు చూపించి బెదిరించాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే మా అవ్వ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నాలుగు గోడలకూ నడుము ఎత్తున ఎర్రటి జాజుమట్టితో అద్దిన తీగ ఒకటి చుట్టూ పాకుతోంది. తీగకు ఆకులు, ఆకుల నడుమ నీలి పూలు. తలుపుల చుట్టూ, గూళ్ల చుట్టూ సన్నని అంచు. దుప్పట్ల మీద అద్దే అచ్చులతోనే గోడలనూ అద్దాడు మహానుభావుడు. అంతవరకూ గోడంటే సున్నం, లేదంటే మరక, అంతే నాకు తెలిసింది. నోరు తెరిచి చూస్తుంటే మా మేనమామ నా జబ్బ మీద గిల్లాడు.

మగవాళ్లు బావి చూడటానికి పెరట్లోకి పోయారు. రంగుల తాత మాత్రం మా దగ్గరే ఉండిపోయాడు. మా అవ్వ గోడకు ముక్కు ఆనించి చూస్తుంటే నవ్వాడు. "గట్ల కాదు బేటీ, ముందుగాల దర్వాజ కాడ నిలవడి మొత్తం సూడు. గప్పుడు దగ్గరికి రా" అన్నాడు. తర్వాత మాకొక పరీక్ష పెట్టాడు. ఒక అచ్చు ఎక్కడ అయిపోయిందో, రెండో అచ్చు ఎక్కడ మొదలైందో చూపించమన్నాడు. మా అవ్వా నేనూ గోడ వెంట వేళ్లు పెట్టుకుంటూ పోయాం, ఎంతకీ దొరకలేదు. ఆయనే చూపించాడు. ఒక ఆకు మొన మీదికి తర్వాతి అచ్చు కాడ వచ్చి కూర్చుంటుంది, అదీ అతుకు. అచ్చును రంగులో ముంచిన వెంటనే అద్దిన పువ్వు చిక్కగా ఉంటుంది, ఆ తర్వాతవి ఒక్కొక్కటే పలచబడతాయి, మళ్లీ ముంచగానే మళ్లీ చిక్కన. అది చెయ్యి చేసిన పని అని తెలియడానికి అదే గుర్తట. ఒకచోట మాత్రం ఒక పువ్వు తలకిందులుగా ఉంది. అద్దేటప్పుడు ఇంటామె నూలు దారం పట్టుకుని వరస చూపిస్తూ ఏదో అని నవ్వించిందట, ఆ నవ్వులో అచ్చు తిరగబడిందట. తుడిచేద్దామంటే ఆమే వద్దందట. ఇది చెప్పి ఆయన ఆ పువ్వు మీద అరచెయ్యి పెట్టాడు. మా అవ్వ కళ్లు తుడుచుకుంది.

ఇంతలో మగవాళ్లు వచ్చారు, బేరం మొదలైంది. మా మేనమామ బావి చిన్నగున్నదన్నాడు. "నువ్వేమన్న అండ్ల ఈత కొడ్తవా బేటా?" అన్నాడు రంగుల తాత. ఇంటి పైకప్పు పెంకలు పాతవయ్యాయన్నాడు. "నేను గూడ పాతగయిన, కురుస్తున్ననా?" అన్నాడు ఆయన. మా బాపు నవ్వు ఆపుకోలేకపోయాడు. రంగుల తాత బట్టలమ్మి బతికిన మనిషి, ఎన్ని వంకలు పెట్టేవాళ్లను చూసి ఉంటాడో! ధర వీసమెత్తు దిగలేదు. మా మేనమామకు ఉక్రోషం వచ్చింది. ఇల్లంతా కలియజూసి, చివరికి గోడల మీద పడ్డాడు.

"గీ గోడలేంది చాచా, గిట్ల మరకలు మరకలున్నయి? మొత్తం గీకి సున్నమెయ్యాలె. మాకు గదొక ఖర్సు."

రంగుల తాత ఈసారి హాస్యమాడలేదు. గోడ వైపు చూశాడు. తర్వాత మా అవ్వ వైపు తిరిగాడు. "నీకు గూడ గట్లనే అనిపిస్తుందా బిడ్డా?" అని అడిగాడు. వెటకారం లేదు ఆ అడగడంలో, తెలుసుకోవాలనే అడిగాడు. మా అవ్వ తన అన్న ముఖం చూసింది. ఆయన కనుబొమలు ఎగరేశాడు. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూసింది. ఆ ఇల్లు చేజారిపోతుందేమోనని భయం ఆమెకు, అంతకుమించి ఏమీ లేదు. నాకు మాత్రం ఆ గదిలో నిలబడటానికి సిగ్గేసింది. ఎందుకో అప్పుడు మాటల్లో చెప్పలేకపోయేదాన్ని, చెవులు మాత్రం వేడెక్కాయి.

"నిజమే. పాతగయినయి" అన్నాడు రంగుల తాత. ఆ తర్వాత మా మేనమామ ఎంతంటే అంతకు ఒప్పుకున్నాడు.

బయటికి వచ్చి మలుపు తిరిగామో లేదో, మా మేనమామ తొడ కొట్టినంత పని చేశాడు. "మస్తుగున్నయి గోడలు! గసొంటి పని ఇయ్యాల రేపు ఎవడు జేస్తడు? సున్నమేసుకునే రేటుకు అద్దాల మేడ కొన్నట్టే!" అన్నాడు. హోటలు ముందు ఆగి అందరికీ మిర్చి బజ్జీలు ఇప్పించాడు. మా అవ్వ సంబరం చెప్పనలవి కాదు. మంచం ఏ గోడకు వేయాలో, పడుకుంటే తీగ ఎక్కడిదాకా కనిపిస్తుందో, బీడీల చాట ఏ గూట్లో పెట్టాలో దారి పొడుగునా చెబుతూనే ఉంది. తలకిందుల పువ్వు ముందు మాత్రం ఏ సామానూ పెట్టనివ్వనంది. ఆ రోజు నుంచి చుట్టాలకు, బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆ గోడల గురించి చెప్పనివాళ్లు లేరు మా ఇంట్లో. చెప్పవలసిన ఒక్క మనిషికి తప్ప అందరికీ చెప్పాం.

రిజిస్ట్రేషన్ అయ్యింది. పాలు పొంగించడానికి మంచిరోజు చూసుకుని, కొత్త గిన్నె పట్టుకుని పోయాం. రంగుల తాత గుమ్మంలోనే ఉన్నాడు, తాళంచెవి చేతిలో పెట్టుకుని. ఆయన పాదాల మీద, గడ్డంలో తెల్లటి చుక్కలున్నాయి. చేతులు కూడా తెల్లగా ఉన్నాయి. ఆయన చేతులను ఆ రంగులో నేనెప్పుడూ చూడలేదు.

లోపల నాలుగు గోడలూ తెల్లగా మెరుస్తున్నాయి. పచ్చి సున్నం వాసన గుప్పుమంది. తీగ లేదు, పూలు లేవు, తలుపుల చుట్టూ అంచు లేదు.

"మీకు ఖర్సు తప్పుతదని నేనే ఏసిన" అన్నాడు ఆయన. "రెండు పూతలేసిన, ఏడ గూడ మరక కనవడది. ఆడివిల్ల కొత్తగ ఇంట్లకు వస్తున్నది, మా పాత మరకల నడుమ ఎందుకు కాపురం జెయ్యాలె? ఇప్పుడు మంచిగున్నదా?"

మా బాపు బావ వైపు తిరిగాడు. చివరికి మా మేనమామే "మంచిగున్నది చాచా" అన్నాడు. ఆ ఇంటి గురించి రంగుల తాత ముఖం మీద మేము అన్న మొదటి మంచి మాట అదే. ఆయన సంతోషపడ్డాడు. నా తల నిమిరి, తాళంచెవి మా అవ్వ చేతిలో పెట్టి, బిడ్డాపాపలతో చల్లగా ఉండమని దీవించి, మూట భుజానేసుకుని బస్టాండు వైపు పోయాడు.

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి, ఎవరూ చూడలేదు. మా అవ్వ కొంగు తడిపి గోడ మీద మెల్లగా రుద్దింది. తడి సున్నంతో పాటు జాజు కూడా ఊడి వచ్చింది, కొంగుకు గులాబి రంగు బురద అంటింది. ఇంకొంచెం రుద్దితే కింద మట్టి తేలింది. ఇక ఆపేసి అక్కడే కూలబడి ఏడ్చింది. మా బాపు ఎన్నడూ లేనిది బావమీద గొంతు లేపాడు. "బేరంల గట్లనే అంటరు గద, ఆయనకెరుక లేదా?" అని గొణిగాడు మా మేనమామ.

"ఎరుకే" అంది మా అవ్వ. "బాయిని అంటే బేరమనుకున్నడు, పెంకలనంటే బేరమనుకున్నడు. తన పనినంటే నిజమనుకున్నడు. కాదు తాతా అని జెప్పెతందుకు నన్ను అడిగిండు గూడ."

మా మేనమామ ఆ పూట అన్నం తినకుండానే లేచి వెళ్లిపోయాడు.

తెల్లారి మా బాపు చొక్కా వేసుకుని ఆదిలాబాద్ పోతానని బయలుదేరాడు. ఉన్న నిజం చెప్పి, కాళ్లు పట్టుకుని వస్తానన్నాడు. మా అవ్వ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పోయి ఏం జెప్తవు? గోడలు మాకు పాణమసొంటియి, నువ్వు ఉత్తగనే తుడిసేసినవని జెప్తవా? జెప్పినంక మన సిగ్గు పోతది. ఆయన ఎట్ల నిద్రవోతడు?" అంది. మా బాపు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆ మాట ఇక ఎవరమూ ఎత్తలేదు. రంగుల తాత ఆ తర్వాత ఎన్నాళ్లు బతికాడో తెలియదు గానీ, బతికినన్నాళ్లూ మాకు మేలు చేశాననే అనుకుని ఉంటాడు. అది తలుచుకున్నప్పుడల్లా ఈ వయసులో కూడా ఒళ్లు కుంచించుకుపోతుంది. తప్పు చేస్తే క్షమించమని అడగవచ్చు. అడగడానికే వీలులేని సిగ్గు ఒకటి ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

మొన్న కరీంనగర్‌లో నా బిడ్డ ఫ్లాటు చూడటానికి పోతూ నన్నూ తీసుకెళ్లింది. అమ్మే ఇల్లాలు హాలు గోడ మీద తన చేత్తో చెక్క అచ్చులతో నెమళ్లు అద్దుకుంది. నా బిడ్డ వెనక నుంచి చెయ్యి నొక్కుతూనే ఉంది. నేను తలుపు దగ్గర నిలబడి ముందు మొత్తం చూశాను, ఆ తర్వాత దగ్గరికి పోయి, ఎంత బాగా చేశావమ్మా, ఇవి చెరపకుండా ఇస్తానంటేనే మేము కొంటామన్నాను. ఆమె ముఖం విప్పారింది. ధర మాత్రం దిగలేదు. ఇంటికొచ్చేదాకా నా బిడ్డ నన్ను తిడుతూనే ఉంది. నేను ఆటోలో ఒక మూలకు ఒదిగి కూర్చుని, మా అవ్వ ఆ రోజు నేల చూపులు చూస్తూ మింగిన మాట ఇంత చిన్నదా అనుకున్నాను.