ఒక్క ‘ఆయ్’ తినేసిన పది రోజులు

మా బావగారు పోయేరండి. పదిహేను రోజులైంది. ఆ పొద్దున్న ఆసుపత్రి నుంచి మా అక్క ఫోను చేసింది. “తమ్ముడూ” అంది. నాకు తెలిసిపోయింది.

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, యాభై దాటినవాణ్ణి. రాయడం అంతంత మాత్రం, మాట్లాడటం అసలే రాదు. “నీ మాటలు కొబ్బరికాయలో నీళ్ళురా, ఊపితే వినపడతాయి గాని బయటికి రావు” అనేవారు బావగారు.

మాది పలివెల. ఆయనది పక్కిల్లే. ముప్పయ్యేళ్ళు కొబ్బరికాయల లారీ తోలేరు. సుగరు వల్ల కుడికాలు మోకాలి కిందకి తీసేసేరు. ఆ తర్వాత మంచం మీద కూర్చుని, వీధిలో లారీ వెళ్తే చూడకుండానే ఏ గేరులో వెళ్తోందో చెప్పేవారు. అది వింటే మా అక్క లోపలికి వెళ్ళిపోయేది.

అలాంటప్పుడు అమలాపురంలో ఒక ఆటల సెంటరు మూసేస్తుంటే, స్టీరింగు, పెడళ్ళతో సహా ఓ కంప్యూటరు తెచ్చుకున్నారు. అందులో లారీ తోలే ఆట ఉంది. స్టీరింగుకి దణ్ణం పెట్టుకుని, ఎడంకాలితోనే తోలేవారు.

“ఈ వయసులో ఆటలేంటండీ?” అనేది అక్క.

“ఆట కాదే, డ్యూటీ. కేరేజీ కట్టు” అనేవారు.

ఎవరూ లేని రోడ్డు మీద కూడా ఇండికేటరు వేసేవారు. “ఎవడూ లేకపోతే నేను కూడా లేనట్టేనేంట్రా?” అనేవారు.

కష్టమల్లా ఊళ్ళ దగ్గర వచ్చేది. బళ్ళూ జనం ఎక్కువయ్యేసరికి బొమ్మ ఆగి ఆగి దూకేది. ఈయన బ్రేకు తొక్కితే లారీ ఎప్పటికో ఆగేది, ఈలోగా ఎవరినో గుద్దేసేది. ఆటే కదండీ అంటే ఒప్పుకునేవారు కాదు. “ముప్పయ్యేళ్ళలో కోడిపిల్లని తొక్కలేదురా నేను” అని మొహం గోడవైపు తిప్పుకునేవారు.

బొమ్మలేసే కార్డు కొత్తది వేయించేరు. బొమ్మ మెరిసింది గాని దూకడం మానలేదు. కొత్తపేట కంప్యూటరు షాపాయన వచ్చి, ఆట ఆడించి చూసేడు. కార్డు మంచిదే, ప్రాసెసర్ పాతది, అది పని అందించేదాకా కార్డు ఖాళీగా కూర్చుంటోంది అన్నాడు. నాకు బోధపడలేదు.

బావగారు అన్నారు: “ఒలిచేవాళ్ళు పదిమంది కూర్చున్నారు, చెట్టెక్కి కాయ దింపేవాడు ఒక్క ముసలాడు. అంతేనాండీ?”

“అంతే సార్.”

“అయితే ముసలాణ్ణి మార్చెయ్యండి,” అని నావైపు చూసేరు. “నిన్ను కాదులేరా.”

నాలుగు రోజులకి షాపాయన నాకు ఫోను చేసేడు. బావగారు అప్పుడు డాక్టరు దగ్గర ఉన్నారు.

“పెట్టెలో బోర్డు కొత్తరకమే కదండీ?”

“ఆయ్.”

“చూశారు కదా?”

“ఆయ్.”

ఆయనది రాయలసీమ. మన ‘ఆయ్’ ఆయనకి అవునని వినపడింది. నేను వింటున్నానండీ అనే అర్థంలో అన్నాను, అంతే. తెలీదని చెప్పడానికి సిగ్గేసింది.

ప్రాసెసర్ తెచ్చి పెట్టె విప్పితే అందులో కూర్చోలేదు. అసలు ఆ బోర్డుకి అది సరిపోదట. సరైనది రావడానికి పది రోజులు పడుతుందన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“వీడు ఆయ్ అన్నాడంటే చెవి ఉందని అర్థమండీ, బుర్ర ఉందని కాదు” అని బావగారు పకపకా నవ్వేరు. తిట్టి ఉంటే బాగుండును.

నాలుగో రోజున ఆయనకి ఆయాసం వచ్చింది. అమలాపురం తీసుకెళ్ళేం. ఆసుపత్రిలో రోజూ నన్ను అదే అడిగేవారు, వచ్చిందా అని. రాలేదండి అనేవాణ్ణి. ఏడో రోజు సాయంత్రం నా చెయ్యి పట్టుకున్నారు.

“ఎవణ్ణీ గుద్దకుండా ఒక్క ఊరు దాటితే చాలురా. దాటతానంటావా?”

“ఆయ్” అన్నాను.

నా మొహంలోకి చూసి, “ఇది ఏ ఆయ్ రా?” అన్నారు.

ఖాళీ కేరేజీ తీసుకుని ఇంటికి బయల్దేరేను. మర్నాడు పొద్దున్నే పోయేరు.

ఆ పై రెండు రోజులకి ప్రాసెసర్ వచ్చింది. షాపాయన పెద్దకర్మ అయ్యేదాకా ఆగి, తనే తీసుకొచ్చి, ఏం చెయ్యమంటారని గుమ్మంలో నిలబడ్డాడు. “బిగించండి” అంది అక్క. బిగించి, ఆట తెరిచి, లారీ స్టార్ట్ చేసి వెళ్ళిపోయేడు.

బావగారు ఎక్కడ ఆపేరో లారీ అక్కడే ఉంది. ఎదురుగా ఊరు.

“తోలరా” అంది అక్క.

“నాకు తెలీదక్కా” అన్నాను.

ఇద్దరం ఆయన మంచం మీదే కూర్చున్నాం. తెర మీద వాన పడుతోంది. ఒక్క చినుకు కూడా ఆగటం లేదు, దూకటం లేదు. లారీ ముందు నుంచి జనం గొడుగులు వేసుకుని రోడ్డు దాటుతున్నారు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు, నెమ్మదిగా, అందరూ అవతలికి వెళ్ళిపోతున్నారు.