మా నాయన కట్టిన సిటౌటూ, మా అవ్వ గురవమ్మా

మా అవ్వ గురవమ్మ ఎవరింటికి వెళ్లినా మనుషుల మొహం చూడదు. నేల చూస్తుంది. మా అత్త అమలకు పుత్తూరు నుంచి సంబంధం వస్తే, పిల్లవాడి ఇల్లు చూసి రావడానికి పెద్దలంతా బయల్దేరారట. అక్కడ కాఫీ ఇచ్చారు, మంచినీళ్లు ఇచ్చారు. అవ్వ ఆ నీళ్లు తాగకుండా గ్లాసు వంచి నడవలో పోసి, అవి ఎటు పోతాయా అని వంగి చూసింది. నీళ్లు ఎటూ పోలేదు. నడవ నడిమధ్య మడుగు కట్టి కూర్చున్నాయి. "ఇల్లు కట్టుకునే కాడ కండ్లు మూసుకున్నోళ్లు పిల్లను యాడ సూసుకుంటారు?" అని లేచి వచ్చేసింది. పిల్లవాడు ఎలా ఉన్నాడో అవ్వకు ఇప్పటికీ తెలియదు. మా అత్తకు మాత్రం తెలుసు. బాగున్నాడట.

ఈ పొగరు ఆమెకు ఊరికే రాలేదు. అవ్వ పుట్టిందీ మా వడమాలపేటలోనే. పెళ్లికి ముందు నుంచే కట్టుబడి కూలికి పోయేది. అప్పట్లో మిద్దె వేయాలంటే సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి పైన పరిచి, పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్లు చల్లుతూ, కొయ్య పలకలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరచాలి. కొట్టేటప్పుడే నీళ్లు పోవడానికి వాటం చూసుకోవాలి. తిరుచానూరులో అవ్వ కొట్టిన మిద్దెలు ఇప్పటికీ కారడం లేదట. బస్సులో పోతుంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "అదో, అది నేను కొట్టిందే" అని చూపిస్తుంది. ఆమె లెక్క ప్రకారం తిరుచానూరులో సగం ఆమె కొట్టిందే. అమ్మవారి గుడి ఒక్కటి వేరేవాళ్లు కట్టారు. అదీ ఆమె అప్పటికి పుట్టలేదు కాబట్టి.

మిద్దెలు పోయి స్లాబులు వచ్చాక తట్ట మోసింది. ముప్పై ఏళ్లు మేస్త్రీల కింద పనిచేసి, మేస్త్రీ అనే జాతి మీదే నమ్మకం పోగొట్టుకుంది. "సేతిలో రసమట్టం ఉంటాది, బుద్ధి ఇంటికాడ ఉంటాది" అంటుంది. ఇంజనీర్లు వాళ్లకంటే కింద. ఎండగా ఉంటే కారులోంచి దిగరు. అందరికంటే అడుగున ఉన్నవాడు ఆమె సొంత కొడుకు, అంటే మా నాయన గుణశేఖర్. ఆయన తిరుపతిలో టైల్సు అంగట్లో పనిచేస్తాడు. "మొగం కనపడే బండలు అమ్ముకుంటాడు" అని కొత్తవాళ్లకు చెబుతుంది, ఏదో దొంగసారా కాస్తాడన్నట్టు.

మా ఇల్లు తూర్పు ముఖం. పెరడు పడమరన ఉంది. పెరటి గోడకు ఆనుకున్న వెనక గది అవ్వది. అందులో ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె, గోడకు తగిలించిన ఆకువక్కల సంచి. మోకాళ్లు అరిగిపోయి ఆమె కింద కూర్చోలేదు. అందుకని ఆ గది పెరటి గడప మీద కూర్చుంటుంది. గడపకు కింద రెండు మెట్లున్నాయి. పై మెట్టు మీద కాళ్లు పెట్టుకుంటే ఆమెకు సరిగ్గా సరిపోతుంది. అక్కడ కూర్చునే ఆకు వేసుకుంటుంది, అక్కడ కూర్చునే ఊరందరినీ తీసిపారేస్తుంది. ఆ గడప లేకపోతే అవ్వకు ఈ ఇంట్లో చోటు లేనట్టే.

మొన్న శ్రావణంలో మా నాయన ఫోను పట్టుకుని ఆ గడప దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఇది సూడు. ఎనకపక్క సాయంత్రాలు కూసునేదానికి మనమూ ఇట్లా సిటౌటు కట్టుకుందాం."

ఫోనులో ఎవరిదో ఇల్లు. మెరిసే నేల, దాని మీద ఊయల బల్ల, పక్కన కుండీలు. అవ్వ చాలాసేపు చూసింది.

"ఈడ మనుషులు యాడుండారు?"

"ఫొటో కదమ్మా, మనుషులుండరు."

"ఉండరు. ఎట్లుంటారు? జారిపడి ఆసుపత్రికి పోయుంటారు."

నాయన ఆ మాట వినలేదు. అంగట్లో అమ్ముడుపోక మిగిలిన టైల్సు ఆయనకు ఉత్తపుణ్యానికి దొరుకుతాయి. ఉత్తపుణ్యానికి దొరికినదాన్ని ఎక్కడో ఒకచోట అతికించకపోతే ఆయనకు నిద్ర పట్టదు. మా స్నానాల గదిలో ఇప్పటికే అయిదు రకాలున్నాయి. ఒక గోడ మీద ద్రాక్షగుత్తులు, ఒక గోడ మీద డాల్ఫిన్లు.

మరుసటి వారం వాస్తు చూసే మునిరామయ్యను పిలిపించాడు. ఈ మునిరామయ్య ఒకప్పుడు బోర్లకు నీళ్లు చూసేవాడు. ఆయన చూపిన చోట నీళ్లు పడకపోవడం చేత వాస్తులోకి వచ్చాడు. పెరట్లో నాలుగు మూలలా తిరిగి, కళ్లు మూసి తెరిచి, "సామీ, పడమర ఎత్తుండాల, తూర్పు పల్లముండాల. దాన్ని తప్పితే నేను చెప్పేదేమీ లేదు" అన్నాడు.

గడప మీద నుంచి అవ్వ అడిగింది. "పెరడు పడమట ఉండాది. దానికి తూర్పున ఏముండాది సామీ?"

"ఇల్లుండాది."

"అంటే వాన నీళ్లు ఇంటికేసి రావాల."

"శాస్త్రం అమ్మా."

"శాస్త్రానికేం, అది తడవదు. నేను ఈడ పండుకుంటా."

మునిరామయ్య నవ్వి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. నాయన వచ్చి అవ్వ ముందు నిలబడ్డాడు. వాటం ఎక్కువేం పెట్టించనన్నాడు. గడపకు సమంగా నేల పైకి లేపితే మెట్లు దిగే పని ఉండదనీ, ఆమె మోకాళ్లకే మంచిదనీ చెప్పాడు. ఆ మాట నిజంగానే ఆమె మీద ప్రేమతో అన్నాడు. మా నాయన చేసే తెలివితక్కువ పనులన్నిటిలోనూ ప్రేమ ఉంటుంది. అందుకే ఆయన్ని తిట్టడం కష్టం. అవ్వకు మాత్రం కష్టమనిపించదు.

"రే గుణా, ఒక్క మాట. నా గదిలోకి నీళ్లొచ్చిన రోజు నేను పలమనేరు పోతా, అమల కాడికి. మళ్లీ రాను. నీ ఊయల మీద నువ్వే ఊగు."

అవ్వ ఊరికే బెదిరించదు. ఒకసారి మా తాతతో మాట్లాడనని చెప్పి, ఆయన పోయేదాకా ఏడేళ్లు నాతో చెప్పించి మాట్లాడింది. ఆయన పక్కనే కూర్చుని ఉన్నా సరే, "మీ తాతను ఉప్పు కావాలేమో అడుగు మే" అనేది. ఆ పలమనేరు మాట వినగానే నేను నాయన మొహం చూశాను. ఆయన పనివాళ్లకు ఫోను చేస్తున్నాడు.

మేస్త్రీ ఢిల్లీబాబు వచ్చాడు. పది రోజులు పని. రెండు మెట్లూ మట్టిలో కలిసిపోయాయి. పెరడంతా గడప ఎత్తుకు లేచింది. దాని మీద టైల్సు పరిచారు. ఒక మూల తెలుపు, ఒక మూల చెక్క రంగు, నడుమ ఏ హోటలుకో తెప్పించి వాళ్లు వద్దన్న నల్లవి. కాళ్లు పెట్టుకునే మెట్టు లేక అవ్వ కుర్చీలో కూర్చుని చూసింది.

"ఢిల్లీబాబూ, ఇది నేలా, ఎనుము నాలికా?"

"ఏం అవ్వా, అట్లంటావు?"

"నున్నగుండాది, తడిగుండాది, మూడు రంగులుండాది. మీ నాయన నాకంటే నాలుగేండ్లు చిన్నోడు. ఆయనకూ పని రాదు. అయినా నీ మాదిరి కాదు, రాదని తెలుసు ఆయనకు."

ఢిల్లీబాబు తలవంచుకుని రసమట్టం నేల మీద పెట్టి బుడగ చూసుకున్నాడు. ఆ రసమట్టం ప్రకారం నేల చక్కగా ఇంటివైపు వాలింది. మునిరామయ్య చెప్పినట్టే వాలింది.

పని పూర్తయిన ఆదివారం సాయంత్రం నాయన కొత్త చొక్కా వేసుకుని కొత్తగా తెచ్చిన ఊయల బల్ల మీద కూర్చున్నాడు. మమ్మల్నందరినీ పిలిచాడు. నాలుగున్నర గంటలు. పడమటి పొద్దు ఎదురుగా వచ్చి మూతి మీద కొట్టింది. నల్ల టైల్సు పెనంలా కాలాయి. అమ్మ కొంగు కప్పుకుంది. నాయన కళ్లు చికిలించి, చెమట కారుతుంటే, "గాలి బాగుండాది గదా" అన్నాడు. గాలి లేదు. అవ్వ తన గదిలోంచి, "ఆ గాలిలో కొంచెం నాకూ పంపీరా నాయనా" అంది. పావుగంటకల్లా సిటౌటులో కుండీలు మాత్రమే మిగిలాయి, ఫొటోలో ఉన్నట్టే.

కార్తీకంలో అల్పపీడనం వచ్చింది. మా వైపు వానలు అప్పుడే. మధ్యాహ్నం అన్నాలు తింటుండగా మొదలైంది. ముప్పావు గంటలో పెరట్లో కురిసిన నీళ్లన్నీ శాస్త్రప్రకారం తూర్పుకు బయల్దేరాయి. తూర్పున అవ్వ గది తలుపుంది. మెట్లు లేవు, గడప ఎత్తు లేదు. నీళ్లు తలుపు కిందుగా వచ్చి, మంచం కోళ్లు తడిపి, ట్రంకు పెట్టె చుట్టూ తిరిగి, హాల్లోకి వెళ్లాయి.

మేం చీపుర్లు పట్టుకుని పరుగెత్తేసరికి అవ్వ మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని ఆకుకు సున్నం రాస్తోంది.

"గుణా, రా నాయనా. నీ సిటౌటు లోపలికొచ్చినాది. కూసోమని చెప్పు."

నాయన చొక్కా చేతులు పైకి మడిచి బకెట్టుతో తోడుతున్నాడు. అవ్వ నా చేతికి తన చిన్న ఫోను ఇచ్చింది. "మీ అత్తకు కలుపు మే." నేను నంబరు తప్పు నొక్కాను. రెండోసారీ తప్పు నొక్కాను. "లెక్కల్లో తప్పినోళ్లకు నంబర్లు యాడొస్తాయి, ఇటియ్యి" అని లాక్కుని తనే నొక్కింది.

మరుసటి ఉదయం పదికల్లా అమలత్త పలమనేరు నుంచి బస్సులో వచ్చింది. వాన వెలిసింది. అవ్వ ట్రంకు పెట్టెలోంచి నాలుగు చీరలు తీసి సంచిలో పెట్టుకుంది. ఆకువక్కల సంచి గోడ మీద నుంచి తీసేసరికి గది ఎవరిదో అన్నట్టు అయిపోయింది. అమ్మ వంటింట్లో ముక్కు చీదుతోంది. నాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, మొత్తం పగలగొట్టిస్తా. పోబాకు."

"పగలగొట్టు. ఇంకో రకం టైల్సు అతికించు. అంగట్లో ఏం మిగిలినాయో కనుక్కో."

"ఏం చెయ్యాలో నువ్వు చెప్పు."

"నన్నడుగుతావేం? మునిరామయ్య లేడా? ఢిల్లీబాబు లేడా? నేను తట్ట మోసేదాన్ని."

నాయన అట్లాగే నిలబడ్డాడు. యాభై ఏళ్ల మనిషి, కింద పెదవి కొరుక్కుంటూ. "నాకు తెలీదమ్మా" అన్నాడు. "ఇరవై ఏండ్లుగా టైల్సు అమ్ముతా ఉండా. నీళ్లు ఎట్ల పోతాయో నాకు తెలీదు. నిన్ను అడిగుండాల్సింది. అడగలేదు."

అవ్వ సంచి ముడి వేస్తున్నది ఆగింది. అత్త గడియారం చూసుకుంది. పన్నెండుకు బస్సుంది.

"కుర్చీ ఆడెయ్యి మే" అంది అవ్వ నాతో. పెరట్లో వేశాను. "ముగ్గుపిండి తే."

ఆమె వంగలేదు కాబట్టి నేనే పోశాను. ఇంటి గోడకు జానెడు దూరంలో, గోడ పొడుగునా, ఉత్తరం మూల దాకా గీత. అక్కడి నుంచి ఇంటి పక్క సందులో తూర్పు వీధిదాకా ఇంకో గీత. ఆ గీతల వెంట టైల్సు కోసి కాలవ తీయాలి. పెరటి నీళ్లు గోడ దాకా వస్తాయి, కాలవలో పడతాయి, సందులో నుంచి వీధికి పోతాయి. తలుపు ముందర అడుగున్నర వెడల్పున టైల్సు లేపేసి, మళ్లీ ఒక మెట్టు దించాలి. "మునిరామయ్యకు చెప్పు, నీళ్లు ఈశాన్యానికే పోతా ఉండాయని. వాడి శాస్త్రమూ బతుకుతాది, నా మంచమూ బతుకుతాది."

ఢిల్లీబాబు వచ్చి గీత చూసి తల గోక్కున్నాడు. "ఇది ముందే చెప్పుంటే బాగుండు గదవ్వా."

"ముందే చెప్పినా. నువ్వు రసమట్టంలో బుడగ సూస్తా ఉంటివి."

టైల్సు కోసే మిషన్ రొదపెట్టింది. అవ్వ కుర్చీలోంచి చెయ్యి చూపిస్తూ, ఇంకో వేలెడు లోతు అనీ, ఆడ ఇంకొంచెం సిమెంటు మెత్తు అనీ, ఒరే నీకు కండ్లుండేది దేనికిరా అనీ అరుస్తూనే ఉంది. పన్నెండు బస్సు వెళ్లిపోయింది. రెండున్నర బస్సూ వెళ్లిపోయింది. సాయంత్రానికి కాలవకు సిమెంటు పూత అయింది. అమలత్త సంచి చేతికి తగిలించుకుని, "పోదామా మా?" అంది.

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది.

"పచ్చి సిమెంటును వదిలేసి యాడికే వచ్చేది? పది దినాలు నీళ్లు పట్టాల. వీళ్లకు చెప్తే పట్టతారా? ఆయన అంగడికి పోతాడు, ఆమె సీరియలు సూస్తాది, ఇది ఫోను నొక్కతాది. కాలవ పగిలితే మళ్లీ నా మంచం కిందికే. నువ్వు పో. పది దినాలు కానీ."

అత్త ఒక్కతే వెళ్లిపోయింది. అవ్వ పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు నా చేత ఆ కాలవకు నీళ్లు పట్టించింది. నేను చెంబుతో పోస్తుంటే ఆమె కొత్త మెట్టు మీద కాళ్లు పెట్టుకుని, నీళ్లు పోసే పద్ధతి కూడా రాని తరం గురించి మాట్లాడింది.

పదకొండో రోజు పొద్దున అత్త ఫోను చేసింది. నాయన అంగడికి బయల్దేరబోతూ చెప్పులు వేసుకోకుండా ఆగిపోయాడు. అమ్మ పొయ్యి కట్టేసింది.

"యాడ కుదురుతాదే?" అంటోంది అవ్వ. "ఆ పడమటి ఎండకు ఒక పందిరన్నా ఎయ్యాల గదా, లేకపోతే ఆడ పిట్ట కూడా వాలదు. ఆ ఊయల ఉత్తరం పక్కకు తిప్పాల. ఆ నల్ల బండలు లేపి కడప బండలు పరవాల. నీ అన్నకు ఒకటన్నా తెలుసా? పందిరికి సన్నజాజి ఎక్కేదానికి రెండేండ్లు పడతాది. ఆమీద సూస్తాం."

నాయన చెప్పులు వేసుకున్నాడు. గేటు దాటుతుండగా వెనకనుంచి కేక వినిపించింది.

"రే గుణా! వచ్చేటప్పుడు వెదురు బొంగులు తే. అంగట్లో మిగిలినవి కాదు, మంచివి!"