రెజ్యూమేలో బాపు నంబరు

బీకాం ఆఖరి ఏడాదిలో రాసుకున్న నా రెజ్యూమేలో పనికొచ్చే ముక్క ఒక్కటే, పైన లావు అక్షరాల్లో ఉన్న ఫోన్ నంబరు. మిగతాదంతా, మేం బతకడానికి వలసొచ్చిన ఈ పరాయి రాష్ట్రపు ఊళ్లో, పర్వత్ పాటియా అనే పేటలో జిరాక్సు షాపువాడి దగ్గర ఎవరిదో చూసి దింపిందే. "కష్టపడే తత్వం, నలుగురిలో కలిసిపోయే గుణం" అట, నా మొహం! ఆ నంబరు కూడా నాది కాదు, మా నాన్నది, బాపుది. రీచార్జి అయిపోతే నా ఫోనుకు కాల్స్ రావు. ఎప్పుడూ మోగే నంబరే ఇవ్వమని కాలేజీలో సారు మరీ మరీ చెప్పాడు. మా ఇంట్లో అలాంటిది బాపు బటన్ల ఫోనొక్కటే.

బాపుకు ఎంత సంబరమో! ఇంగ్లీషు రాకపోయినా కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు. "నా నంబర్ అన్నిటికన్న మీదనే పెట్టినవా బిడ్డా? మంచిగ కనవడ్తున్నదా?" అని అడిగాడు.

ఉద్యోగాల మేళాలో కనిపించిన ప్రతి బల్ల మీదా ఒక కాపీ పెట్టి వచ్చాను. కొన్నాళ్లకు ఒక సాయంత్రం బాపు పని నుంచి నవాగామ్‌లోని మా గదికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "బిడ్డా, నీకు ఫోనచ్చింది" అన్నాడు.

ఒక్క ఉదుటున లేచాను. "ఎవలు బాపూ? ఏ ఆఫీసు?"

"ఎవలో ఆడామె. హిందీల మాట్లాడింది. సాంచెల మోతల నీ పేరు తప్ప ఏం ఇనవడలే. నేను హా జీ, హా జీ అన్న."

సాంచెలు నడుస్తుంటే ఆ మరమగ్గాల షెడ్డులో పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. బాపు బయటికి పరిగెత్తుకొచ్చేసరికి ఫోను కట్టయిందట. దేనికి హా జీ అన్నాడో ఆయనకే తెలియదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇనవడనప్పుడు ఎందుకెత్తినవ్? ఊకుంటే మళ్ల చేసేటోళ్లు కద!"

"ఎత్తకపోతే ఇంకోలకు చేస్తరేమో అనుకున్న బిడ్డా."

ఆ నంబరుకు తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఏ బల్ల మీద పెట్టిన కాగితం చూసి చేశారో తెలిస్తే ఊరికి ఆ చివరనున్న అమ్రోలి దాకా అయినా పరిగెత్తేదాన్ని. ఎక్కడికో రమ్మని ఉంటారు, ఎప్పుడో రమ్మని ఉంటారు. నాకు మాత్రం ఏమీ తెలియదు. ఏడుపు తన్నుకొచ్చింది.

మర్నాడు బాపు ఫోను నా చేతిలో పెట్టి పనికి పోయాడు. నేను ఇస్త్రీ డ్రస్సు వేసుకుని, పొద్దుటి నుంచీ అదే నంబరు నొక్కుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక ఎత్తారు. అకౌంట్ల పనికట. "పొద్దున పదింటికి పంపిస్తామని మీవాళ్లే ఒప్పుకున్నారు కదా, రాలేదేం? వేరే అమ్మాయిని తీసేసుకున్నాం" అందామె హిందీలో.

చెప్పుకోవాల్సింది బోలెడుంది. సాంచెల మోత గురించి, బాపు గురించి. "హా జీ" అన్నాను. మళ్లీ "హా జీ" అన్నాను.

సాయంత్రం బాపు గడప దగ్గరే ఆగి, "ఫోనచ్చిందా బిడ్డా?" అని అడిగాడు.

"రాలే బాపూ."

తన వల్ల ఏం చెడలేదనుకున్నాడేమో, ఆయన మొహం కాస్త తేటపడింది. "అస్తది తియ్. రేపు గూడ నీ తాననే ఉంచుకో" అంటూ ఫోను చార్జింగుకు పెట్టాడు.