పడుగు మీద చెయ్యి

కరెంటు పోయి జనరేటర్ అందుకునేటప్పుడు మా ధర్మవరం షెడ్డులో మగ్గాల చప్పుడు ఒక్క క్షణం గొంతు మారుతుంది. వెంటనే డీజిల్ వాసన. అప్పుడల్లా శారద మేడం గుర్తొస్తారు.

ఆమె హిందూపురంలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవారు. పరిశోధన కోసం పొద్దున రైలుకి మా షెడ్డుకి వచ్చేవారు. కరెంటు మారినప్పుడు మోటారు వేగం తప్పి, మగ్గం మీది నిలువు పోగుల పడుగు వదులై, మళ్లీ ఒక్కసారిగా బిగిసి పట్టుపోగులు తెగేవి. బూడిద అద్దుకున్న వేళ్లతో వాటిని అతకడం నా పని. ఆ కుదుపు ఎప్పుడొస్తుందో, ఎంతగా వస్తుందో ఎవరికీ తెలియదు. పడుగు బిగువును సరిచేసేందుకు మేడం ఒక చిన్న పెట్టెను మగ్గానికి తగిలించారు.

"దీనికి ముందుగా ఏమీ తెలీదు నాగక్కా. బిగువు ఎంత తప్పిందో చూసుకొని, అంతకు తగ్గట్టు తనను తాను దిద్దుకుంటాది. మన మెదడు మాదిరి."

"నా మెదడు మాదిరయితే కష్టమే మేడం," అన్నాను. అప్పటికి నాకు అక్షరం రాదు. ఆమె నవ్వారు. ఆ రోజు నుంచే, భోజనాలయ్యాక చెక్క మీద బూడిద పరిచి, నా చెయ్యి పట్టుకొని రాయించేవారు. పట్టుకున్నంతసేపూ అక్షరాలు ముత్యాల్లా వచ్చేవి. వదిలితే ఒక్కటీ కుదిరేది కాదు.

పెట్టె కూడా అంతే. నేనుంటే పోగు తెగేది కాదు, లేనప్పుడు తెగేది. ఒకరోజు మేడం నా పక్కనే నిలబడి చూశారు. జనరేటర్ అందుకోగానే, పోగులు అతికేవాళ్లందరికీ ఉండే అలవాటు కొద్దీ నా అరచెయ్యి పడుగు మీద ఆనింది.

"ఎందుకక్కా చెయ్యి పెడతాండావు?"

"తెగుతాయని మేడం."

"నువ్వు కాపు కాస్తాంటే దానికి తప్పు కనపడేదెట్లా? అది నేర్చేదెప్పుడు?" అని, ఆగి, నా వేళ్ల వైపు చూశారు. ఆ మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకోలేదు. నా పేరు వంకరగా వచ్చింది. ఎక్కడ తప్పిందో చూపించి ఊరుకున్నారు. నాకంటే పెట్టే ముందు నేర్చుకుంది.

తర్వాత ఆమెకు జబ్బు చేసిందని తెలిసి, ఒక్కదాన్నే రైలెక్కాను. ప్రతి స్టేషన్‌లోనూ బోర్డు కోసం కిటికీకి అతుక్కున్నాను. పెనుకొండ పేరు పూర్తిగా కూడబలుక్కునేలోపే రైలు కదిలింది. అది హిందూపురం కాదని మాత్రం తెలిసింది, అంతే చాలనుకున్నాను.

"ఎవరు తోడొచ్చినారక్కా?" అన్నారు మంచం మీద నుంచి.

"ఎవురూ రాలేదు మేడం. బోర్డులు చదువుకుంటా వచ్చినా."

ఆమె చెయ్యి చాచారు. ఈసారి నేను పట్టుకున్నాను. మళ్లీ ఆమెను చూడలేదు.

ఇప్పటికీ మగ్గం గొంతు మారగానే నా చెయ్యి లేస్తుంది. పడుగు దాకా పోయి ఆగుతుంది. పోగులు తమంతట తామే నిలబడతాయి. బూడిద అంటిన నా వేళ్లకే, ఇంకొక్కసారి ఆమె పట్టుకుంటే బాగుండునని ఉంటుంది.