మూటల దగ్గర కూర్చున్న పెద్దమ్మ

పుంగనూరులో మా పుట్టింటి పక్కింటి పెద్దమ్మ మొన్న మంగళవారం పొద్దున పోయింది. కబురు అంది, మదనపల్లె నుంచి నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆఖరిచూపు కూడా దక్కలేదు నాకు.

అరుణాచలం వెళ్ళాలనుకున్న మా వీధి ఆడవాళ్ళంతా ముందు ఆమె గడప తొక్కేవాళ్ళు. ఆ గుడి ఊరంత ఉంటుంది. ఆమె లేకుండా వెళితే తప్పిపోతామని భయం. బయలుదేరే ముందు రోజు మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి పాఠం చెప్పేది. బండలు కాలకముందే లోపలికి పోవాలట. ఏ గోపురం కింద దూరామో గుర్తు పెట్టుకోవాలట, లేకుంటే నాలుగు గోపురాలూ కలిసి మోసం చేస్తాయట. కడుపునిండా తినకూడదు, బొరుగులూ బెల్లమూ చాలు. గర్భగుడి ముందు కళ్ళు మూసుకుని దండాలు పెట్టేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. "అయ్యోరు హారతి ఎత్తినప్పుడే సామి కనపడతాడు. అప్పుడు కండ్లు మూసుకుంటే యాల పోయినట్టు?" అనేది.

అక్కడికి చేరాక మాత్రం తాను వేయికాళ్ళ మండపం పక్కన మా మూటలకు కావలి కూర్చునేది. ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆమె ఎన్నోసార్లు చూసి ఉంటుందిలే అనుకుని మేమెవరమూ అడగలేదు. అంత సుఖంగా వెళ్ళి వచ్చాం ఆమె చాటున.

యుద్ధం వల్ల రైళ్ళు తగ్గించేసిన ఏడు, నాకది మూడో ప్రయాణం. ఆమెకు అప్పటికే చూపు మసకబారింది. ఈసారి నేను కూర్చుంటాను, నువ్వు వెళ్ళు పెద్దమ్మా అన్నాను.

"ముందు నువ్వు పోయి రామ్మా. తొందరగా రా. నేనింగా సామిని ఒక్కతూరి గూడా సూడలేదు."

మాకు చెప్పిన పాఠమంతా, దర్శనం చేసుకుని వచ్చినవాళ్ళను అడిగి పోగుచేసుకున్నదేనని అప్పుడు తెలిసింది. తెలిసి కూడా నేనేం చేశాను? హారతి చూసి మైమరచిపోయి, ఇంకొక్కసారి చూద్దామని మళ్ళీ వరుసలో నిలబడ్డాను. బయటికి వచ్చేసరికి మధ్యాహ్నానికి తలుపులు వేసేశారు. సాయంత్రం తెరిచేదాకా ఆగితే ఆ రోజుకున్న ఒక్క రైలూ తప్పిపోతుంది. మాతో పసిబిడ్డల తల్లులున్నారు. పోదాం పదండి అని ముందుగా లేచింది ఆమే. వచ్చే ఏడు వద్దామన్నాను. ఆ ఏడు ఆమె మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు.

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు తిరుగు రైల్లో నా పక్కకు జరిగి కూర్చుని, "ఎట్లుండాడమ్మా సామి?" అని అడిగింది. ఏడుస్తూనే చెప్పాను: విభూతి, నాగపడగ, తెల్లటి పూలదండ. నేను చెప్తూ ఉంటే, ఆ బండి కుదుపుల మధ్య, పెద్దమ్మ నా మొహానికేసి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.