రాముడి గుళ్లో దాచిన పాటలు

ఒక్క పూటలో పదకొండు భజన పాటల్ని లోకంలో లేకుండా చేసిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. చూడాలనుంటే మా దీవుల్లోని డెలానీపూర్ రండి, టీ ఇస్తాను.

ఆ పాటలు డిగ్లీపూర్ నూకాలమ్మ పెద్దమ్మవి. ఆవిడకి చదువు రాదు, అన్నీ నోట్లోనే. ఇక్కడ హిందీ బళ్ళలో చదివే మన పిల్లలకేమో తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. పెద్దక్షరాలతో ఒక పుస్తకం వేద్దామని ఆవిడని మా ఇంటికి పిలిచి, పొద్దున్నుంచీ పాడించుకుని టైపు చేశాను. మర్నాడు తెల్లారగానే ఆవిడ బస్సు.

నేను బడి గడప తొక్కలేదు. చదువు ఇంట్లో నాన్న దగ్గర, కంప్యూటరు మరిది శేఖర్ దగ్గర. అతనిచ్చిన పాత లాప్‌టాప్‌లో లినక్సు ఉంది, బ్యాటరీ చచ్చిపోయింది. సేవ్ నొక్కితే డిస్కు పిండిమరలా గరగరలాడేది. నేను విసుక్కుంటే ఏదో మార్చి, "టెంప్ మొత్తం ర్యామ్‌లో పెట్టేశాను వదినా, ఇక ఫటాఫట్" అన్నాడు.

చూద్దును కదా, నిజంగానే టి, ఎం, పి అని ఒక ఫోల్డరు. టెంపుల్ అన్నమాట. అదీ రాముడిలో. భజనలకి ఇంతకంటే మంచి చోటుంటుందా, మీరే చెప్పండి? దణ్ణం పెట్టుకుని అన్నీ అందులోనే దాచాను. వేలు తీసేలోపే సేవ్ అయిపోయేది. దేవుడి దయ అనుకున్నాను.

పదకొండో పాట అవగానే కరెంటు పోయింది. వచ్చాక తెరిస్తే గుడి కడిగి ముగ్గేసినంత శుభ్రంగా ఉంది. శేఖర్‌కి ఫోన్ చేశాను.

"ఎక్కడ పెట్టావు వదినా?"

"గుళ్లో. నువ్వు రాముడిలో పెట్టావే, అందులో."

"అరే భగవాన్. అది టెంపుల్ కాదు, టెంపరరీ. ర్యామ్ అంటే మెమరీ. డిస్కు జోలికి పోదు కాబట్టి స్పీడు. కరెంటు పోతే అంతా సాఫ్."

పెద్దమ్మకి కళ్ళు తుడుచుకుంటూ చెప్పాను, పాటలు నచ్చి రాముడే పట్టుకుపోయాడేమోనని కూడా అన్నాను.

"నచ్చితే ఉంచుకోడేటి?" అంది ఆవిడ. "నాలుగో పాటలో నానొక చరణం మింగీసినాను. సరిగ్గా పాడమని ఎనక్కి పంపీసినాడు. రాయి."

చీకటి పడకముందే పదకొండూ, మింగిన చరణంతో సహా, డిస్కులోకి ఎక్కాయి. గరగరలాడినంతసేపూ నేను జపం చేసుకున్నాను. ఆవిడ గొంతుకీ, ఆ చరణం దక్కించిన కరెంటువాళ్ళకీ కూడా నమస్కారం.

శేఖర్ తెచ్చిన కొత్త బ్యాటరీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఏ పొట్టి పేరుకీ, పూర్తి పేరు అడగందే దణ్ణం పెట్టను.